సర్దుకుంటుందిలే అంటే ఎట్లా?

"పిల్లలన్నాక ఏడిపించుకుంటారు, అదే సర్దుకుంటుందిలే" అనే మాట ఈరోజు మళ్లీ చెవినపడింది. ఆటిజం ఉన్న పిల్లాడి విషయంలో సర్దుకోదు. పక్కవాళ్లు తనతో నవ్వుతున్నారో, తనను చూసి నవ్వుతున్నారో వాడికి చాలాసార్లు తెలియదు. ఇంటికొచ్చి చెప్పలేడు. శబ్దానికి చెవులు మూసుకుంటాడని తెలిసే, చెవి దగ్గర స్టీలు ప్లేటు మోగిస్తారు. తట్టుకోలేక చెయ్యెత్తితే, సారు కంటబడేది ఆ దెబ్బ ఒక్కటే.

స్పెషల్ స్కూల్లో వేయండి అంటారు. మన అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రత్యేక బడులున్నాయి, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అవసరమైనవాళ్లకు అవి పెద్ద ఆసరా. కానీ ఏడిపించినవాళ్లను ఉంచుకుని ఏడ్చినవాణ్ని పంపేయడం ఏం న్యాయం? 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా చేర్చి, అందరితో కలిసి చదువుకునే వీలు కల్పించమంది. తరగతినిండా పిల్లలుంటే టీచరు ఎందరినని చూస్తారు? నిజమే. అందుకే ఇంటర్వెల్లో, భోజనాల వరుసలో తోడుండే ఇద్దరు స్నేహితుల్ని ముందే కుదర్చాలి. మీ బడుల్లో ఎవరైనా ఇట్లా చేస్తున్నారా? చెప్పండి.