నల్లకన్నులో ఎక్కి... తెల్లకన్నులో దిగి!

'నల్లకన్ను'లో రైలెక్కాం. రెండో స్టేషను 'వగరు లోయ'. అక్కణ్నుంచి మూడోది 'కొత్త సత్రం'. పేరుకు సత్రమేగానీ అక్కడి జనాన్ని చూస్తే సంక్రాంతి ముందురోజు సికింద్రాబాద్ స్టేషను కూడా ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. మొత్తం ఇరవై నిమిషాల్లో 'తెల్లకన్ను'కి చేరిపోయాం.

ఇవేవో చందమామ కథలోని ఊళ్లనుకునేరు! టోక్యో నగరం నడిబొడ్డున గుండ్రంగా తిరిగే యమనోతె రైలు మార్గంలోని స్టేషన్లు. మెగురో, షిబుయ, షింజుకు, మెజిరో అని మనం ఇంగ్లిషు పటంలో చదివే పేర్లకు జపనీస్ అక్షరాల్లో ఉన్న అర్థాలివి. 34.5 కిలోమీటర్ల చుట్టు, 30 స్టేషన్లు, ఒక ప్రదక్షిణకు గంట. ఉఎనో అంటే ఎగువ మైదానం. కంద అంటే దేవుడి వరిమడి. ఇకెబుకురో అంటే చెరువు, సంచి (ఈ రెండింటికీ ఏం సంబంధమో!). ఉగుయిసుదాని అయితే పాటలు పాడే ఒక పిట్ట పేరుతో ఉన్న లోయ. ఇప్పుడక్కడ లోయా లేదు, పిట్టా కనిపించదు. పేర్లలో మాత్రం పాత పల్లెటూళ్లు పదిలంగా ఉన్నాయి.

టోక్యోకు వెళ్లినవాళ్లు టవరూ, గుళ్లూ, షాపింగూ చూసి వస్తారు. నేను మాత్రం ఫిబ్రవరిలో ఓ వారాంతమంతా అక్షరాలు చూశాను. చూపించింది మా మరదలు. తమ్ముడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తెనాలి పిల్ల. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. నాలుగేళ్లుగా జపనీస్ నేర్చుకుంటోంది. "వదినా, టేబుల్ ముందు కూర్చుంటే నిద్రొస్తుంది. రైలెక్కితే చదువొస్తుంది" అంటుంది. అదేమిటో అర్థం కావాలంటే ముందు ఆమె కష్టం తెలియాలి.

జపనీస్‌కు మూడు రకాల లిపులు. హిరగాన 46 అక్షరాలు, కతకాన 46 అక్షరాలు. ఇవి మన అఆఇఈల్లాగా శబ్దాలకు గుర్తులు. నెల రోజుల్లో వచ్చేస్తాయి. మూడోది కంజి. మనం తాగే గంజి కాదు లెండి, చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరాలు. వార్తాపత్రిక చదవడానికి కావలసినవంటూ ప్రభుత్వం 2010లో సవరించిన జాబితాలో 2,136 ఉన్నాయి. మొదట్లో ఇవి చాలా సరదాగా ఉంటాయి. ఒక చెట్టు గీస్తే చెట్టు, రెండు చెట్లు గీస్తే తోపు, మూడైతే అడవి. మనిషి పక్కన చెట్టు ఉంటే 'విశ్రాంతి'. పొద్దున్న నేర్చుకున్నది సాయంత్రం బజారులో కనిపిస్తుంది. ఉత్సాహం ఉరకలేస్తుంది. మరదలు మొదటి రెండు మెట్లయిన ఎన్5, ఎన్4 పరీక్షలు అలా పరుగుపరుగున పాసైపోయింది.

మూడో మెట్టు ఎన్3 దగ్గర బండి ఆగిపోయింది. ఏడాదికి రెండుసార్లు, జులైలో, డిసెంబరులో జరిగే పరీక్ష ఇది. 180కి 95 రావాలి. జనవరిలో వచ్చిన ఫలితాల్లో ఆమెకు వచ్చినవి 88. అది రెండోసారి పోవడం. "మొదటిసారి పోయినప్పుడు ఏడ్చాను. రెండోసారి ఏడుపు కూడా రాలేదు వదినా. అదే భయమేసింది" అంది, కూర తరుగుతూ.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. ఏ భాషలోనైనా వెయ్యి మాటలు మాటిమాటికీ వస్తాయి. వాటిని ముందు నేర్చుకుంటాం కాబట్టి ప్రతి రోజూ ఫలితం కనిపిస్తుంది. తర్వాతి వెయ్యి మాటలు అంతకంటే తక్కువసార్లు ఎదురవుతాయి. ఆ తర్వాతివి ఇంకా తక్కువ. అంటే శ్రమ అంతే, కంటికి కనిపించే ఫలితం మాత్రం తగ్గుతూపోతుంది. బద్ధకం వల్లో, బుర్ర తక్కువయ్యో కాదు... భాషల స్వభావమే అది. ఆ సంగతి తెలియక చాలామంది 'మనవల్ల కాదులే' అని సరిగ్గా ఇక్కడే పుస్తకం మూసేస్తారు.

నిజానికి తెలుగువాళ్లకు జపనీస్ వ్యాకరణం పెద్ద కష్టం కాదు. మనలాగే క్రియ చివర వస్తుంది, మన విభక్తుల్లాగే చిన్న మాటలు నామవాచకాల వెనక చేరతాయి. మనకు తళతళ, గలగల ఉన్నట్టే వాళ్లకు పికపిక, గిరగిర ఉన్నాయి. చిక్కల్లా లిపితోనే. మనకు అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ వస్తే అర్థం తెలియకపోయినా ఏ మాటైనా పైకి చదివేయొచ్చు. కంజిలో అలా కుదరదు. వీళ్లుండే చోటు పేరే చూడండి... నిషికసాయ్. టోక్యోకు తూర్పున ఎదొగావ వార్డులో, మనదేశంవాళ్లు ఎక్కువగా ఉండే పేట. పప్పులూ కరివేపాకూ అన్నీ దొరుకుతాయి. ఆ పేరులో మూడు అక్షరాలు: పడమర, ఒక రకం తీగ, మళ్లీ పడమర. మొదటి పడమరను 'నిషి' అని చదవాలి. అదే అక్షరాన్ని చివర్లో 'సాయ్' అనాలి! "రోజూ దిగే స్టేషనే నన్ను వెక్కిరిస్తుంది" అని నవ్వుతుంది మరదలు.

తమ్ముడి ఆఫీసులో ఇంగ్లిషుతో పని నడుస్తుంది. బడీ, ఆసుపత్రీ, వార్డు ఆఫీసూ... ఇవన్నీ ఆమె వంతు. పాప మూడో తరగతి. అక్కడి పిల్లలు ఒకటో తరగతిలో 80, రెండులో 160, మూడులో 200 కంజి నేర్చుకుంటారు. ఆరేళ్లు ముగిసేసరికి 1,026. రోజూ రాస్తారు, బడిలో చుట్టూ అదే భాష. ఇంకేం, తల్లిని దాటేస్తోంది. బడి నుంచి వారానికి నాలుగైదు కాగితాలొస్తాయి. రెండేళ్ల కిందట ఓ కాగితంలో 'రేపు బడి భోజనం ఉండదు, డబ్బా తెచ్చుకోవాలి' అని ఉందట. అంతా అర్థమైందనుకుని ఫ్రిజ్‌కు అంటించింది. ఆ 'ఉండదు' అన్న ఒక్క చోట బోల్తా పడింది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుంటే పాప చేతిలో ఏమీ లేదు. టీచరు తన అన్నంలో సగం పెట్టారట. "ఫోనుతో ఫొటో తీస్తే తర్జుమా అయిపోతుంది కదా" అన్నాన్నేను. "అవుతుంది. ఇప్పుడదే చేస్తున్నా. కానీ పాప నా ముందు నిలబడి, నేను ఫోను తీసేదాకా ఆగి, 'ఇలా ఇవ్వమ్మా నేను చదువుతా' అంటుంది చూడండీ..." ఆ మాట పూర్తిచేయలేదు.

అయితే ఆమె ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఏమిటంటే, ముందు ఇంట్లో భారం తగ్గించేసింది. మాటలు మరిచిపోయే వేళకు మళ్లీ గుర్తుచేసే 'అంకి' అనే ప్రోగ్రామ్ ఉంది. 2006లో వచ్చింది, ఆ మాటకు జపనీస్‌లో కంఠస్థం అని అర్థం. మొదట రోజుకు 20 కొత్త మాటలు పెట్టుకుందట. కొత్తవి 20 అయితే కొన్నాళ్లకు పాతవి తిరగేయడమే రోజుకు నూట యాభై దాటిపోతుంది. నాలుగు రోజులు జ్వరమొస్తే ఐదో రోజు తెరిచి చూడ్డానికే భయం. ఇప్పుడు కొత్తవి ఐదే. అవీ ఆ వారం వీధిలోనో, బడి కాగితంలోనో కంటపడ్డవే. శనివారాలు మాత్రం ఊరి మీద పడటం!

యమనోతె రైలు అందులో మొదటి తరగతి గది. తలుపు మీది తెరపై రాబోయే స్టేషను పేరు ముందు కంజిలో వస్తుంది. కొన్ని సెకన్లకు హిరగానలో, తర్వాత ఇంగ్లిషులో. కంజి కనిపించగానే లోపల చదువుకోవాలి, వెంటనే జవాబు అదే చెబుతుంది. తల్లీకూతుళ్లిద్దరూ పోటీ. హరజుకు, అకిహబర పేర్లలో ఉన్నది ఒకటే అక్షరమని, మైదానం అని దానర్థమనీ నాకూ నేర్పేశారు.

ఆ సాయంత్రం జింబోచో. కుదాన్‌షిత స్టేషన్లో దిగి పదినిమిషాలు నడిస్తే వస్తుంది. వందకు పైగా పాత పుస్తకాల దుకాణాలున్న పేట. మన కోఠీ, అబిడ్స్ ఆదివారం సంత ఏడాది పొడవునా ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. చాలా దుకాణాలు రోడ్డుకు దక్షిణం వైపునే ఉండి ఉత్తరానికి చూస్తుంటాయి. ఎండ పడి పుస్తకాలు వెలిసిపోకుండానట! బయట పెట్టిన చవక అరల్లో మరదలు వెతికేది పిల్లల పుస్తకాలే. వాటిలో కంజి పక్కన చిన్న అక్షరాల్లో ఎలా చదవాలో వేసి ఉంటుంది. ఫురిగాన అంటారు. మగపిల్లల కామిక్స్‌లోనూ ఉంటుంది. "మొదట్లో సిగ్గేసేది. ఎమ్మెస్సీ చదివి మూడో తరగతి పుస్తకమా అని. ఇప్పుడు సిగ్గు కంటే కథ ఏమవుతుందన్న ఆత్రమే ఎక్కువ" అంది. నా ఉద్దేశంలో మధ్యలో ఆగిపోయినవాళ్లకు ఇంతకంటే మంచి మందు లేదు. పాఠ్యపుస్తకం కొత్తమాట నేర్పుతుందిగానీ, తర్వాతి పేజీ తిప్పించేది కథే.

మర్నాడు అసకుస. సెన్సోజి గుడి ముందు అందరూ ఫొటోలు దిగే పెద్ద ఎర్ర లాంతరు ఉంటుందే, 3.9 మీటర్ల ఎత్తు, 700 కిలోలు... దానిమీద రెండే అక్షరాలు. పైన వాన, కింద వరిమడి కలిస్తే ఉరుము. దాని కింద రెండు రెక్కల తలుపు. ఉరుము ద్వారం! అర్థం తెలిశాక ఆ లాంతరు ఇంకాస్త పెద్దదిగా కనిపించింది నాకు.

మధ్యాహ్నం సుషీ హోటల్లో టీ ఇచ్చిన కప్పు చూస్తే దానినిండా అక్షరాలే. అన్నీ చేపల పేర్లట. ప్రతి అక్షరానికీ ఎడమవైపు చేప గుర్తు ఉంటుంది, కుడివైపు రెండో ముక్క. చేప పక్కన మంచు ఉంటే చలికాలపు కాడ్. చేప పక్కన బలహీనం అంటే సార్డీన్, నీళ్లలోంచి తీయగానే చచ్చిపోతుంది కాబట్టి ఆ పేరంటారు. చేప పక్కన వసంతం ఉంటే మన వంజరానికి చుట్టమైన ఓ చేప. ఎన్3 పరీక్షలో ఇవేవీ రావు. అయినా మరదలు వేడి టీ చల్లారిపోయేదాకా కప్పు తిప్పి తిప్పి చదువుతూనే ఉంది. తొమ్మిది వచ్చాయి. పక్క బల్ల మీది పెద్దాయన మిగతావి చెప్పబోయి, నాలుగింటి దగ్గర తనే తల గోక్కున్నాడు. జపాన్‌వాళ్లకూ ఇది తేలికేం కాదు మరి. ఫోన్లలో టైపుచేయడం అలవాటై చదవగలిగినవి చేత్తో రాయలేకపోతున్నామని వాళ్లూ వాపోతుంటారు. వాళ్ల కోసమే ఓ కంజి పరీక్ష ఉంది, దాని పై స్థాయికి సుమారు 6,000 అక్షరాలు రావాలి!

(ఇక్కడో ముచ్చట. అటునుంచి ఇటు కష్టపడేవాళ్లూ ఉన్నారు. 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరులో అక్కడ విడుదలయ్యాక ఓ అభిమాని తెలుగు నేర్చుకుని, 2025లో జపాన్ వచ్చిన ఎన్టీఆర్‌తో తెలుగులోనే మాట్లాడి ఆయన్ను ఆశ్చర్యపరిచింది. మన ఒత్తులు ఆమెకెన్ని చెరువుల నీళ్లు తాగించాయో!)

చివరగా ఉఎనో నుంచి నడుచుకుంటూ యుషిమ తెంజిన్ గుడికి వెళ్లాం. మన బాసరలాగా చదువులకు పేరున్న గుడి. ఇక్కడి దేవుడు ఒకప్పుడు మనిషే. సుగవర నొ మిచిజానె అనే పండితుడు. క్రీ.శ.845లో పుట్టాడు. దర్బారులో పెద్ద పదవి దాకా ఎదిగి, గిట్టనివాళ్ల మాటల వల్ల 901లో దూరంగా దజైఫుకు వెళ్లగొట్టించుకుని, రెండేళ్లకు అక్కడే పోయాడు. తర్వాత రాజధానిలో వరుసగా అరిష్టాలు రావడంతో ఆయన ఆగ్రహమేనని భయపడి దేవుణ్ని చేశారు. ఆయనకు ఉమె చెట్లంటే ప్రాణమట. ఫిబ్రవరిలో ఆవరణంతా తెల్లగా, గులాబీరంగుగా పూసి ఉంది. అదే పరీక్షల కాలం కూడా. పిల్లలు కోరికలు రాసి కట్టిన చెక్కపలకలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటిని ఎమ అంటారు.

మరదలు పూల వైపు చూడనేలేదు. పలకల ముందు నిలబడిపోయింది. ప్రతిదానిమీదా ఒకే మాట, 'గోకకు'. ఉత్తీర్ణత. కొందరు గుండ్రంగా, కొందరు గొలుసుకట్టుగా, ఒకరు పలక పట్టనంత పెద్దగా రాశారు. అచ్చులో తప్ప చేతిరాతలో చదవలేనని ఆమెకు ఎప్పుడూ బెంగ. ఇక్కడ ఒకే మాట వంద చేతుల్లో. పది పలకలయ్యేసరికి ఎలా రాసినా ఇట్టే పట్టేస్తోంది. తనూ ఒక పలక కొంది. జులైలో పాస్ కావాలని రాస్తుందనుకున్నా. 'బడి ఉత్తరాలు చదవగలగాలి' అని రాసింది.

పాప మాత్రం ఓ పలక దగ్గర ఆగింది. గోకకు తర్వాత ఇంకో రెండు అక్షరాలున్నాయి. మొదటిది ఇద్దరికీ రాదు. రెండోదాన్ని వేలితో చూపిస్తూ "అమ్మా, ఇదేంటి?" అంది. 19 గీతల అక్షరం. వాళ్ల బడిలో నాలుగో తరగతిలో వస్తుందట. మరదలు ఒంగి చూసింది. "ఎడమవైపు చూడు, నిన్న హరజుకులో చూశాం కదా... మైదానం. రోజూ నువ్వు 'ఒనెగై' అంటావే, దయచేసి అని, అందులోని 'నెగై' ఇదే. కోరిక."

పాప నోరు తెరిచి అమ్మకేసి చూసింది. తర్వాత తన సంచీలోంచి పెన్సిలు తీసి, అరచేతి మీద ఆ అక్షరం రాసుకోవడం మొదలుపెట్టింది. పందొమ్మిది గీతలు పట్టడానికి చెయ్యి సరిపోలేదు.