ఎనిమిది వేల ఏళ్ళయినా ఒక్క బోటింజన్ రాలేదేందన్నా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో వేట ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం నిషేధం పెడుతుంది. ఆ రెండు నెలలూ బోట్లు ఇసుకలో పడుంటాయి. ఇంజన్లు విప్పి ఇంట్లో పెట్టి గోనెపట్టా కప్పుతారు. మా చిన్నాయన కొడుకేమో పొద్దుగూకులూ ఫోన్లో సిరీస్‌లు చూస్తుంటాడు.

మాది మైపాడు దగ్గర చిన్న మత్స్యకారుల పల్లె. నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. పోయినేడు నిషేధం టైంలో ఊరికెళ్తే, వాడు బోటు నీడన కూర్చుని 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూస్తున్నాడు. డ్రాగన్ వచ్చి పడవల్ని తగలబెట్టే సీను. మనమైతే డ్రాగన్‌ని చూస్తాం. వాడు పడవల్ని చూశాడు.

"అన్నా, ఆ మంచుగోడ కట్టి ఎనిమిది వేల ఏళ్ళయిందంట గదా. ఇన్నేళ్ళలో ఒక్కడికైనా పడవకి ఇంజన్ పెట్టాలని తోచలేదేంది?"

"వాళ్ళకి మాయలుంటాయి కదరా, మిషన్లెందుకు?" అన్నా. ఈ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబే.

"మాయలు రాజులకి, మంత్రగాళ్ళకి ఉండాయి. తెడ్డేసేవోడికి లేవు గదా. వాడికి చేతులు నొప్పెట్టవా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. బస్సెక్కాక కూడా అదే తిరుగుతా ఉంది బుర్రలో.

మన కథలు మాత్రం తక్కువా? 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీసి చూస్తే, చూసేవాళ్ళకి ఏదంటే ప్రాణమో అదే కనిపిస్తుంది. శశిరేఖకి అందులో అభిమన్యుడు కనిపిస్తాడు. మన లెక్కలో వీడియో కాల్! అయినా ఆ పెట్టెని వెనక్కి తిప్పి, ఇదెలా పనిచేస్తోందని చూసినవాడు ద్వారకలో ఒక్కడూ లేడు. ఇంకోటి చేద్దామన్నవాడూ లేడు. ద్వారకలో జాలరి పెళ్ళాం, మొగుడు సముద్రం మీద ఎక్కడున్నాడో చూసుకోడానికి అలాంటి పెట్టె ఒకటి ఇమ్మంటే ఎవరిచ్చేవాళ్ళు? 1951 నాటి 'పాతాళ భైరవి'లో అయితే ఇంకా స్పష్టం. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే మేడ వాళ్ళది. బొమ్మ చెయ్యి మారిందంటే మేడా పోతుంది, మేడలో ఉన్న పిల్లా పోతుంది. ఆ మేడ ఎలా కట్టాలో తెలిసిన తాపీ మేస్త్రీ ఆ కథలో పుట్టనే లేదు.

తమాషా ఏంటంటే, 'మాయాబజార్' మాయల్ని తెర మీదికి తెచ్చింది ఏ మంత్రమూ కాదు, మార్కస్ బార్ట్లే కెమెరా. అది ఇంకో కెమెరామన్ చూసి నేర్చుకోగలిగిన పని. అప్పుడు స్టూడియోలో ఫిల్ము మీద కుస్తీ పట్టి చేసిన ట్రిక్కుల్లాంటివి ఇప్పుడు నీ ఫోన్లో ఫ్రీ యాప్ చేసేస్తుంది. ప్రియదర్శిని మాత్రం అలాగే ఉండిపోయింది, ఒకే ఒక్క పెట్టె.

మా వీధిలో తేలు కుడితే మంత్రం వేసే ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు ఆ మంత్రం ఏందని అడిగా. "చెబితే పనిచెయ్యదబ్బయా" అన్నాడు. తేలు మంత్రం నిజంగా పనిచేస్తుందా అన్న జోలికి నేను పోను. (తేలు కుడితే ఆస్పత్రికే వెళ్ళండి.) కానీ నాకు కావలసిన జవాబు ఆ ఒక్క మాటలో ఉంది. మాయ అనేది చెబితే పనిచెయ్యనిది. టెక్నాలజీ చెబితేనే పెరిగేది.

ఇది నాకు సినిమాలు చూసి తెలిసింది కాదు. మా తాత దగ్గర తెలిసింది.

తాతకీ ఒక మాయ ఉండేది. సముద్రంలో ఒక చోట అడుగున రాళ్ళున్నాయి. అక్కడ వల వేస్తే చిరిగిపోతుంది, గాలమే వెయ్యాలి. గాలం వేస్తే మాత్రం వంజరం, పండుగప్ప. ఆ చోటికి పోయే దారి తాత ఒక్కడికే తెలుసు. నీళ్ళ మీద గుర్తులుండవు కదా, అందుకని ఒడ్డు మీద రెండేసి గుర్తులు పెట్టుకుంటారు. ముందున్న తాటిచెట్టు వెనకున్న గోపురానికి సూటిగా రావాలి. ఇంకో పక్క ఇంకో జత గుర్తులు అలాగే ఒక వరసలోకి రావాలి. ఆ రెండు గీతలు కలిసిన చోట ఆగాలి. స్కూల్లో గ్రాఫ్ గీసినట్టే. బడి మొహం చూడని మనిషి లెక్క అది.

ఇంకో తెప్ప వెనకాల వస్తోందని అనుమానం వస్తే తాత అక్కడ గాలం దించేవాడు కాదట. ఖాళీ తెప్పతో తిరిగొచ్చి ఆ పూట పస్తుండేవాడట. నాయనకి కూడా చెప్పలేదు. పెళ్ళయ్యాక చెప్తానన్నాడు. పెళ్ళయింది. పిల్లలు పుట్టాక అన్నాడు. నేను పుట్టాను, నా చెల్లెలు పుట్టింది. నేను ఏడో తరగతిలో ఉండగా తాతకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది.

నాయన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురితో ఒడ్డుకి మోయించాడు. "యాడ నాయనా, చూపించు" అని అడిగాడు. తాత ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి వణుకుతా సగం సముద్రాన్ని చూపించింది. నాయన ఆ సీజనంతా వెతికాడు. దొరకలేదు. తర్వాత తెప్ప అమ్మేసి రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి కుదిరాడు.

అందుకే కర్ణుడి కథ వింటే నాకు పరశురాముడి మీద కోపం వస్తుంది. బ్రహ్మాస్త్రం నేర్పి, అవసరమైనప్పుడు గుర్తుకు రాకుండా పోతుందని శపించాడు. మాయ ఉన్న లోకంలో నేర్పడం కూడా ఇలాగే ఉంటుంది, ఎప్పుడైనా వెనక్కి లాక్కోవచ్చు.

'హ్యారీ పాటర్'లో బడి ఉంది కదా, పుస్తకాలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కానీ అక్కడ ఎక్కువగా నేర్పేది ఉన్న మంత్రాన్ని ఉన్నట్టు పలకడం. ఒక అక్షరం అటూ ఇటూ అయితే బెడిసికొడుతుంది. అందుకేనేమో ఉత్తరం ఇంకా గుడ్లగూబే తెస్తుంది. తెప్ప సంగతి అలా కాదు. చెక్క పోయి ఫైబర్ వచ్చింది, తెరచాప పోయి ఇంజన్ వచ్చింది. ఎవడో ఒకడు కొంచెం మార్చాడు, పక్కవాడు చూసి ఇంకొంచెం మార్చాడు.

నిజం లోకంలోనూ మాయలా బతికి మాయలా పోయిన విద్యలున్నాయి. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకి మన వైపు నుంచి వెళ్ళిన ఇలాంటి ఉక్కే ముడిసరుకు. ఆ పని కొలిమి దగ్గర కూర్చుని నేర్చుకునేది. ఇంగ్లండు నుంచి చవక ఉక్కు వచ్చిపడి కొలిములు ఆరిపోయాక, చేతుల్లో ఉన్న విద్య చేతులతోనే పోయింది. అదే ఉక్కు ముక్క 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే చేతికి వచ్చింది. కమ్మరి కొడుకు కదా, ఊరుకోలేదు. ఇంత గొప్పగా ఎందుకుందో పరీక్షించి, అల్యూమినా, సిలికా వల్ల అని రాశాడు. తప్పు జవాబు! కానీ రాసి అచ్చేశాడు కాబట్టి, అది తప్పనీ, అసలు సంగతి కార్బన్ ఎక్కువగా ఉండటమనీ తర్వాతివాళ్ళు చెప్పగలిగారు. మన కమ్మరికి సరైన ఉక్కు తెలుసు, ఫారడేకి తప్పు జవాబు తెలుసు. ముందుకు సాగింది మాత్రం తప్పు జవాబే.

మా ఒడ్డున నిలబడి దక్షిణానికి చూస్తే, రాత్రి ప్రయోగాలప్పుడు శ్రీహరికోట రాకెట్ నారింజ రంగు చుక్కలా పైకి పోతా కనిపిస్తుంది. (2022 నుంచి అది తిరుపతి జిల్లా. మాకింకా నెల్లూరే.) అక్కణ్ణుంచి 1979 ఆగస్టు 10న ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 కక్ష్యకి చేరకుండా బంగాళాఖాతంలో పడింది. అదే కథలో అయితే, మంత్రగాడి శక్తి తగ్గిందనో, ఎవరిదో శాపమనో అనేవాళ్ళు. ఇక్కడ కూర్చుని లెక్క తీశారు. ఒక వాల్వు సరిగా మూసుకోక, రెండో దశని అదుపు చెయ్యాల్సిన నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేల్చారు. 1980 జూలై 18న మళ్ళీ ఎగరేశారు. ఈసారి 35 కిలోల రోహిణి కక్ష్యలోకి చేరింది.

అదే శ్రీహరికోట నుంచి 2009 సెప్టెంబర్ 23న ఓషన్‌శాట్-2 వెళ్ళింది, సముద్రం రంగు చూసే ఉపగ్రహం. నీళ్ళలో పచ్చదనం ఎక్కడుంది, వేడి ఎక్కడ మారుతోంది అనే లెక్కలు కలిపి, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చెబుతుంది. ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు, అక్షాంశం, రేఖాంశం అన్నీ తెలుగులో. తాత పస్తుండి దాచిన లాంటి కబురు, ఇప్పుడు అడిగినవాడికల్లా ఉచితం.

అలా అని తాతని తప్పు పట్టలేను. ఇంట్లో ఆరు నోళ్ళు. ఆ చోటు ఊరందరికీ తెలిస్తే రెండు సీజన్లకి ఆ రాళ్ళ దగ్గర చేప మిగిలేది కాదు. మంత్రగాళ్ళు దాచుకునేది కూడా అందుకేనేమో. ఉన్నదే కొంచెం అనుకున్నవాడు దాస్తాడు.

మా తమ్ముడి బోటులో ఇప్పుడు జీపీఎస్ ఉంది, ఫిష్ ఫైండర్ ఉంది. పోయినేడు నిషేధం అయిపోయాక, ఒక రోజు స్క్రీన్ మీద నేల ఉన్నట్టుండి గుట్టలా లేచిందట. గాలం దించితే వంజరం. వెంటనే పాయింట్ సేవ్ చేసుకున్నాడు. పేరు 'తాత' అని పెట్టాడు. మర్నాడు మా నాయన్ని బోటెక్కించుకుని తీసుకుపోయాడు. అక్కడికి పోయాక నాయన నీళ్ళలోకి చూడలేదంట. చాలాసేపు ఒడ్డు వైపే తిరిగి నిలబడ్డాడంట, తాటిచెట్టు కోసం. ఆ చెట్టు ఎప్పుడో తుపానుకి పడిపోయింది. అదే చోటు అవునో కాదో ఆయనా చెప్పలేకపోయాడు.

ఫోన్లో ఇదంతా విని, "మీ బోట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టావా?" అని అడిగా.

వాడు కాసేపు మాట్లాడలేదు. "గ్రూపులోనా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, నువ్వు పత్రికలకి రాస్తుంటావు గదా. ఎన్ని బారల లోతో, ఒడ్డుకి ఎంత దూరమో మాత్రం రాయబాక" అన్నాడు.

రాయలేదు.