చల్లని దీపం

నేను కారు నడపడం నేర్చుకున్నది ముప్పై తొమ్మిదో ఏట. 2019లో నాన్నగారు పోయాక అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉండిపోయింది. గుడివాడ అవతల చిన్న పల్లెటూరు. "నా ఇల్లు వదిలి ఎక్కడికీ రాను" అని భీష్మించుకు కూర్చుంది. మా వారికా, రాత్రిపూట చూపు ఆనదు. ఎదురుగా లారీ వస్తే స్టీరింగు మీద కంటే దేవుడి మీదే ఎక్కువ భారం వేసే మనిషి. (ఈ మాట రాస్తున్నానని ఆయనకి చెప్పలేదు. పత్రిక వచ్చాక ఎలాగూ తెలుస్తుంది.) ఇక నాకు తప్పింది కాదు. నా నవలల్లో కథానాయికలు పదిహేనేళ్ళుగా కార్లు అలవోకగా నడిపేస్తున్నారు గాని, వాళ్ళని పుట్టించిన నాకు క్లచ్చికీ బ్రేకుకీ తేడా కాలికి తెలియడానికి నెల రోజులు పట్టింది.

శనివారం వెళ్ళడం, ఆదివారం రాత్రి అమ్మ పెట్టిన అన్నం తిని బెజవాడ తిరిగి రావడం. కంకిపాడు చేరి పెద్దరోడ్డు ఎక్కేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవలసిందే. వీధిదీపాలుండవు. పక్కనే పంటకాలవ. కోతల కాలం వచ్చిందంటే సగం రోడ్డు వడ్లదే. పగలంతా ఆరబోసిన వడ్లని సాయంత్రం రాశి చేసి, పైన పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. రైతుల్ని ఏమీ అనలేను, మా నాన్నగారూ అక్కడే ఆరబోశారు. కాని ఆ రాయి నలుపు, రోడ్డు నలుపు, రాత్రి నలుపు. మా కారు దీపాలు చూడబోతే కిరసనాయిలు బుడ్డికి పెద్దక్కలు.

2022 డిసెంబరులో ఒక రాత్రి, అలాంటి రాయి ఒకటి ఆఖరి క్షణంలో కనిపించింది. గబుక్కున తిప్పాను. కారు కాలవగట్టు మీద ఆగింది. ముందు చక్రానికీ నీళ్ళకీ మధ్య మూరెడు గడ్డి ఉందంతే. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది.

"తప్పు నీది కాదోయ్, లైట్లది" అన్నారు మా వారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నా తప్పు కాదని ఆయన ఒప్పుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కనుక ఆ మాట నాకు బాగా గుర్తు. మర్నాడే ఎల్.ఇ.డి. బల్బుల జత తెచ్చారు. డబ్బా మీద నిప్పులు కక్కే పులి బొమ్మ. 20,000 ల్యూమెన్లని రాసి ఉంది. ల్యూమెన్ అంటే వెలుతురుకి కొలత అని నిఘంటువు చూసి తెలుసుకున్నాను. కారుతో వచ్చిన మామూలు హాలొజన్ బల్బు డిమ్‌లో ఇచ్చేది దాదాపు 1,000 ల్యూమెన్లేనని మాత్రం చాలా తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే ఆ పులిని చూసి నవ్వి ఊరుకునేదాన్ని.

కారు అలంకరణ సామాన్ల షాపులో కుర్రాడు పావుగంటలో బిగించేశాడు. లైటు వెనక దుమ్మూ తడీ పోకుండా ఒక రబ్బరు టోపీ ఉంటుంది. కొత్త బల్బుకి తోకలాగా చిన్న ఫ్యాను ఉండటంతో టోపీ పట్టలేదు. కుర్రాడు బొటనవేళ్ళతో నొక్కి, ఫ్యానుతో సహా లోపలికి కుక్కి, "సెట్టయిపోయింది మేడమ్" అన్నాడు. మనం గట్టిగా పట్టిందంటే బాగా పట్టిందనుకుంటాం కదా. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఆదివారం రాత్రి నా ఆనందం ఏం చెప్పమంటారు! పెళ్ళిపందిట్లో నడుపుతున్నట్టుంది. గడ్డిపరకలు లెక్కపెట్టొచ్చు. ఎదుటివాళ్ళు పదే పదే లైట్లు కొడుతుంటే, కుళ్ళు కాబోలనుకున్నాను. గుడివాడ దాటిన కాసేపటికి ఒక మోటారు సైకిలు ఎదురొచ్చింది. మొగుడూ పెళ్ళాం, మధ్యలో పిల్ల. దగ్గరికి రాగానే అతను చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. బండి తూలి రోడ్డు దిగి పొదల్లో ఆగింది. నేను కారాపి పరుగెత్తాను. దెబ్బలేమీ తగల్లేదు. పిల్ల మాత్రం ఏడుస్తోంది. అతను నోరెత్తలేదు. ఆమే అంది, "లైటు డిమ్ చేసుకోవచ్చు కదమ్మా, చంటిపిల్ల ఉంది" అని.

నేను కారు వైపు తిరిగి చూశాను. లైటు డిమ్‌లోనే ఉంది.

ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను. చెబితే మాత్రం ఏమిటి ప్రయోజనం? "తప్పయిందమ్మా" అని వచ్చేశాను. ఇంటికొచ్చి మా వారితో చెబితే, "వాడికి నడపడం రాదేమో" అన్నారు. ఆ రాత్రి మా మధ్య మాటలు సాగలేదు. సాగలేదు గాని, నేను ఆ బల్బులు తీయించనూ లేదు. కాలవగట్టు మీది భయం అలాంటిది.

తర్వాత రెండు నెలలకి కాబోలు, 2023 ఫిబ్రవరిలో రాత్రి పదింటికి అమ్మ పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "మీ అమ్మకి మూడు రోజులుగా జ్వరం, ఎవరికీ చెప్పొద్దంటోంది" అని. సాయంత్రమే నాతో మాట్లాడింది అమ్మ! "నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను" అంది. మా వారు ఊళ్ళో లేరు. కారు తీశాను. కంకిపాడు దాటి కాస్త దూరం పోయానో లేదో ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది. కుడిపక్క దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

ఎడమ దీపం ఆరినా అంత ప్రమాదం లేదేమో. మనం రోడ్డుకి ఎడమపక్క వెళతాం కనుక, ఎదురొచ్చేవాడు మన కుడివైపు నుంచి పోతాడు. ఒంటిదీపం చూసి అది మోటారు సైకిలనుకుని, రోడ్డంతా ఖాళీయేనని తిన్నగా వచ్చేస్తాడు. ఇద్దరు అలాగే వచ్చారు. రెండోవాడు అద్దానికి చెయ్యి తగిలేంత దగ్గరగా పోయాడు. నాలుగు పక్కల పసుపు లైట్లూ మిణుకుమిణుకుమనేలా వేసుకుని, ఎడ్లబండి నడకన చేరాను. అమ్మ మంచం మీంచి లేవకుండానే "ఇంత రాత్రి ఒక్కదానివీ ఎందుకొచ్చావే?" అని కేకలేసింది. తెల్లవారుజామున గుడివాడ ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించాను. నాలుగు రోజులకి తేరుకుంది.

ఆ తర్వాత కారు తీసుకుని మా బెజవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ సాయిబుగారంటారు. లారీలకి వైరింగు చేసీ చేసీ చేతులు నల్లబడ్డ మనిషి. బానెట్ ఎత్తి, టోపీ లాగి, లోపలినించి బల్బు తీసి నా చేతిలో పెట్టారు. ఫ్యాను రెక్కలు వంకర్లు పోయి ఉన్నాయి. దానికి ఆనుకున్న వైరు పైతొడుగు మెత్తబడి అతుక్కుపోయింది. హోల్డరు మాడిన అట్టులా ఉంది.

"ఇది చల్లటి లైటన్నారండీ!" అన్నాను.

"ముందుపక్క చల్లనే అమ్మా" అన్నారాయన. "వెనకాల ఎవరు చూస్తారు?"

ఆయన చెప్పింది నా భాషలో చెబుతాను. పాత హాలొజన్ బల్బు కట్టెల పొయ్యి లాంటిది. లోపలి తీగ తెల్లగా కాలితేనే వెలుతురు. తిన్న కరెంటులో పదో వంతుకి మించి వెలుతురు కాదు, తక్కినదంతా వేడే. కాని ఆ వేడిలో ఎక్కువ పాలు కాంతితోపాటు ముందుకే పోతుంది. బల్బు గాజే వందల డిగ్రీలకి కాలుతుంది. (అందుకే దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదట. వేలి జిడ్డు అంటిన చోట గాజు పాడవుతుంది.) ఎల్.ఇ.డి. అలా కాదు. దానిలోంచి ముందుకి వచ్చే వెలుతురులో వేడి బహు తక్కువ. కాని అదీ తిన్న కరెంటునంతా వెలుతురు చేయదు, సగానికి పైగా వేడే అవుతుంది. ఆ వేడి గోరంత పలుకు అడుగున పుట్టి వెనక్కి, అల్యూమినియం ఒంట్లోంచి ఫ్యాను దాకా వచ్చి గాలిలో కలవాలి. గాలి ఆడకపోతే ముందు వెలుతురు తగ్గుతుంది, తర్వాత పలుకు చస్తుంది, పోతూ పోతూ పక్కనున్న వైరునీ తీసుకుపోతుంది.

నాకు వెంటనే మా ఫ్రిజ్ గుర్తొచ్చింది. లోపల మంచు, వెనక సెగ. గోడకి ఆనించి పెట్టొద్దని మా అత్తగారు పనిమనిషితో రోజూ పోట్లాడేవారు. ఇంట్లో అంత తెలిసినదాన్ని, కారు దగ్గరకొచ్చేసరికి ఫ్యానుకి టోపీ పెట్టించాను! ఈ తెల్లని ఎల్.ఇ.డి.కి మూలమైన నీలి ఎల్.ఇ.డి. కనిపెట్టినందుకు అకసకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంతటి నీలిదీపానికి పసుపు పూత పూస్తే తెల్లని వెలుతురు వస్తుందట. నోబెల్ దాకా వెళ్ళిన వస్తువు మా కారు దగ్గరికి వచ్చి రబ్బరు టోపీలో ఊపిరాడక పోయింది.

"అయితే టోపీ తీసేస్తే సరి" అన్నాను తెలివిగా.

"తీస్తే వానాకాలం నీళ్ళు చేరతాయి. అద్దం లోపల తామర పట్టినట్టవుతుంది" అన్నారు సాయిబుగారు. టోపీ ఉండాలి. మెడ దగ్గర బిగుతుగా పట్టాలి. ఫ్యాను మాత్రం బయటికి రావాలి, దాని వెనక గాలి తిరగడానికి చోటుండాలి. వైరు వేడి లోహానికి ఆనకుండా కట్టాలి. కరెంటు సర్దే చిన్న డబ్బీని ఇంజను సెగకి దూరంగా రేకుకి బిగించాలి. పెద్ద వాట్లున్నది కొనకూడదు, అంత వేడిని పారబోయడానికి అంత చిన్న తోక చాలదు. ఇదివరకు వెలుతురు చాలక లారీవాళ్ళు 60 వాట్ల చోట 100 వాట్ల హాలొజన్లు వేయించి హోల్డర్లు కరిగించుకునేవారట. ఆశ పాతదే, బల్బు కొత్తది.

అంతలో ఆయన అద్దం మీద గుడ్డతో రుద్ది, "అసలు మీ లైటు ఎప్పుడూ మసక కాదమ్మా, ఇదీ మసక" అన్నారు. ఎండకి కారు ముందు ప్లాస్టిక్ అద్దం పచ్చబడి, పొర కమ్మిన కన్నులా ఉంది. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్నాను, అది దాని రంగే అనుకున్నాను. నీళ్ళ కాగితంతో అరగదీసి, పాలిష్ పెట్టి, పైన పూత పూశారు.

చీకటి పడ్డాక అసలు తమాషా. కారుని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టారు. ఎడమపక్క పాత హాలొజను, కుడిపక్క మా పులి జతలో బతికున్నది. గోడ మీద లైటు నడిమి ఎత్తున సుద్దతో గీత గీశారు. మెరుగుపెట్టిన అద్దంలోంచి పాత బల్బు వెలుతురు గీతకి రెండు మూడు అంగుళాల కిందే కత్తితో కోసినట్టు ఆగింది. ఎడమవైపు మాత్రం కొంచెం పైకెగిసింది, అటు రోడ్డు వారన నడిచేవాళ్ళ కోసం. ఎదుటివాడు వచ్చే కుడివైపు చీకటి వదిలింది. ఆ బల్బులో డిమ్ తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది, వెలుతురు పైకి పోకుండా ఆపేది అదేనట. ఎన్నేళ్ళుగా నాకు తెలియకుండా ఎంత మర్యాద చేస్తోంది నా కారు! పులిగారి వెలుతురుకి హద్దూ పద్దూ లేదు. గీత దాటి, గోడ దాటి, ఎదురింటి మేడ మీది బట్టల దండెం దాకా పోయింది.

ఆ దండెం మీద చంటిపిల్ల గౌనొకటి వేలాడుతోంది. నేను కాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

సాయిబుగారు మూడు రకాలు పెట్టి చూశారు. పలుకులు సరిగ్గా పాత తీగ ఉండే చోట లేకపోతే వెలుతురు చెదురుతుంది. నిలువుగా కాక రెండు పక్కలకీ చూసేలా తిప్పాలి. మూడోది, తక్కువ వాట్లది, పాలతెలుపు కాకుండా కాస్త వెన్నరంగుది, గీత కింద నిలబడింది. అప్పుడు దాన్నే వేశారు. "పాత వైర్లు కొయ్యలేదమ్మా. తనిఖీలో ఎవరైనా కాదంటే పది నిమిషాల్లో పాతవి పెట్టెయ్యొచ్చు. కొత్త కారైతే నేను ముట్టుకునేవాణ్ణే కాదు, వారంటీ పోతుంది" అన్నారు. పాత జత నా సీటు పక్క అరలో గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. అరగంట ఇంజను నడిపి, వాసన చూసి, వైరు పట్టుకు చూసి, అప్పుడు డబ్బులు తీసుకున్నారు.

పులి జత ఖరీదు ఎంతో మా వారిని ఇంతవరకు నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాతి ఆదివారం రాత్రి, ఇంచుమించు అదే చోట ఒక మోటారు సైకిలు ఎదురొచ్చింది. నాకు చేతులు చెమట పట్టాయి. అతను చెయ్యి ఎత్తలేదు. ఎవరో, ఏమో, తన దారిన తను పోయాడు.

మొన్న ఊరెళితే అమ్మ అరుగు మీద కూచుని చిక్కుళ్ళు తుంచుతోంది. మొహం కాస్త పీక్కుపోయినట్టనిపించింది.

"ఒంట్లో ఎలా ఉందే?"

"శుభ్రంగా ఉంది. కావాలంటే చూసుకో, నుదురు చల్లగా లేదూ?"

నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగానే ఉంది. చెయ్యి తీయకుండా అలాగే జడ కిందికి పోనిచ్చి మెడ వెనక పట్టుకు చూశాను.

"ఏమిటే ఆ తడమడం?" అంది అమ్మ మెలికలు తిరుగుతూ.

"నువ్వుండమ్మా" అన్నాను.