ఇండియానాలో ఇషాపూర్ మస్కట్

సిన్సినాటి పొలిమేర దాటి ఒహాయో నది వెంట 50వ నంబరు హైవే మీద పోతుంటే లారెన్స్‌బర్గ్, అరోరా అని రెండు పాత రేవు పట్టణాలు తగుల్తాయి. అరోరా దాటాక రోడ్డు నదిని వదిలేసి గుట్టలెక్కుతుంది. డిల్స్‌బరోలో 62వ నంబరు దారికి మళ్లాం. అక్కడినుంచి మలుపులే మలుపులు. జూన్ నెల, మొక్కజొన్న మోకాళ్ల దాకా వచ్చింది. ఎర్ర పెంకుల కొట్టాలు, తెల్ల చర్చిలు వస్తున్నాయి, పోతున్నాయి. మనిషి జాడ మాత్రం లేదు.

మా అల్లుడి కంపెనీలో మెషినిస్టుగా చేసి రిటైరైన ఒకాయన ఈ కొండల్లో ఉంటాడు. తన దగ్గర ఇండియాలో తయారైన తుపాకి ఉందని, దానికి తూటాలు తనే చేసుకుంటానని అల్లుడితో చెప్పాడట. మా మేనమామ శ్రీకాకుళం ట్రెజరీ దగ్గర కాపలా కాసిన పోలీసు. చిన్నప్పుడు ఆయన భుజాన ఉండే తుపాకిని కళ్లప్పగించి చూసినవాణ్ని నేను. అమెరికాలో తుపాకులు దొరికే తీరు నాకు గిట్టదు, అయినా వస్తానన్నాను.

ఆ పెద్దాయన ముందు ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో కలుద్దామన్నాడు. అది చిన్న పల్లె. గొట్టం మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకుల ప్రియులు 1933లో ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. దాని మైదానం ఇక్కడే, లాఫరీ క్రీక్ అనే వాగు పక్కన. ఏటా జూన్‌లో, సెప్టెంబరులో పోటీలు. ఆ రోజుల్లో ఊరంతా సంతే. తోలు టోపీలు, తోలు చొక్కాలు, మొక్కజొన్న కంకుల వాసన, వాటన్నిటి మీదుగా తుపాకిమందు పొగ. పెద్దాయన అంగళ్లలో తిరిగి ఫెల్టు బిళ్లలు, అట్ట బిళ్లలు, పాతిక పౌన్ల సీసపు గుళ్ల సంచీ కొన్నాడు. నేను మొక్కజొన్న కంకి కొన్నాను.

తుపాకి ఆయన షెడ్డు గోడకి తగిలించి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. అచ్చం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలే, కానీ గొట్టం లోపల మరలు లేవు, నున్నగా ఉంటుంది. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్కదిమ్మ బిగించి ఉంది. ఒకసారికి ఒకే తూటా. పక్కన ఆర్.ఎఫ్.ఐ. అన్న ముద్ర, అంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. పోలీసులకీ జైలు కాపలావాళ్లకీ ఇచ్చేందుకు సైన్యపు 303 రైఫిల్‌ని ఇలా తగ్గించి 410 మస్కట్‌గా మార్చారు. ఎవరైనా లాక్కుపోయినా దానితో పెద్దగా సాధించేదేమీ ఉండకూడదని. మన సర్కారు కావాలని బలహీనం చేసిన తుపాకి పాత సామాను కింద ఇక్కడికి చేరి ఒక రిటైర్డ్ మెషినిస్టుకి ముద్దుబిడ్డ అయింది.

ఈ 410 ఏమిటంటారా? మామూలుగా ఇలాంటి నున్నటి గొట్టాల లావుని బోరుల్లో చెబుతారు. పన్నెండు బోరు అంటే, పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటి ఎంత లావుంటుందో అంత గొట్టం. ఇరవయ్యెనిమిది బోరు ఇంకా సన్నం. 410 ఈ లెక్కలోకి రాదు. అది అంగుళంలో వెయ్యింట 410 వంతులు, మన కొలతలో పది మిల్లీమీటర్ల చిల్లర. పాత లెక్కలో చెప్పాలంటే 67 బోరు అవుతుంది.

చిక్కేమిటంటే, అంగట్లో దొరికే 410 తూటా ఈ మస్కట్‌లో దూరదు, అడుగు లావెక్కువ. చాలామంది గొట్టంలో తూటా కూర్చునే గదిని తొలిపించుకుంటారట. ఈయనకి మనసొప్పలేదు. ఇషాపూర్ వాళ్లు చేసిన గదిని తను చెడగొట్టడమేమిటని, 303 రైఫిల్ ఖాళీ తూటాలనే తెచ్చి దానికి తగ్గట్టు మలుచుకుంటున్నాడు. వాటికి సీసాకున్నట్టు సన్నటి మెడ ఉంటుంది. అడుగు నీళ్లలో ఉంచి మెడని మాత్రం మంటమీద కాల్చి మెత్తబరుస్తాడు. అడుగు మెత్తబడితే ప్రమాదం, బలమంతా అక్కడే కావాలి. తర్వాత కొద్దిగా మందు పోసి, మిగతా డొల్లని క్రీమ్ ఆఫ్ వీట్ అనే గోధుమరవ్వతో నింపి, మైనంతో మూతిపెట్టి, గొట్టం ఆకాశంవైపు ఎత్తి పేలుస్తాడు. మెడ తెరుచుకుని డొల్ల తిన్నగా సాగుతుంది. మా అమ్మాయి పొద్దున ఉప్మా చేసింది అలాంటి డబ్బాలో రవ్వతోనే. అల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. పెద్దాయనకి కారణం చెబితే ఉప్మా ఎలా చేస్తారో అడిగి రాసుకున్నాడు.

ఇంకో 410 కూడా ఉంది ఆయన దగ్గర, మామూలు ఒంటిగొట్టం. దానికి వాడేవి బ్రెజిల్ నుంచి వచ్చిన ఇత్తడి డొల్లలు. ప్లాస్టిక్ తూటా గోడ మందం, ఇత్తడి గోడ పల్చన. అందుకని లోపల మందుకీ గుళ్లకీ మధ్య పెట్టే బిళ్లలు ఒక సైజు పెద్దవి కావాలి. చిన్నవైతే నిప్పు పక్కలనుంచి గుళ్లలోకి ఎగదన్నుతుంది.

ఆయన పని చేస్తుంటే మాట్లాడడు. మందుకి నిప్పంటించే ప్రైమరు పేలిపోయిన పాతది ఊడగొట్టి కొత్తది నొక్కడం, మందు కొలిచి పోయడం, అట్ట బిళ్ల, ఫెల్టు బిళ్ల, గుళ్లు, పైన పల్చటి అట్ట. ఈ తుపాకిమందు సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాతరకం. మందుకీ బిళ్లకీ మధ్య కాస్త కూడా ఖాళీ ఉండకూడదు. పొగరాని కొత్తరకం మందుల డబ్బాలు వేరే అలమారలో, తాళంలో ఉన్నాయి. రెండూ ఒకే బల్లమీదికి రానివ్వడు. ప్లాస్టిక్ తూటాకైతే మూతి మడిచేస్తే చాలు. ఇత్తడి మడవకూడదు కనుక పై అట్ట చుట్టూ సోడియం సిలికేట్ చుక్కలు పూసి ఆరబెడతాడు. ఒక్కో డొల్ల ఎన్నిసార్లు నిండిందో నోటుబుక్కులో గీతలు ఉన్నాయి.

ఇత్తడి పాత అలవాటే. కాగితం తూటాలు వానాకాలం ఉబ్బిపోయి గొట్టంలో ఇరుక్కునేవి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల బురదలో అమెరికా సైనికులకీ అదే తంటా వచ్చి పూర్తి ఇత్తడివి చేయించారు. 1960లో రెమింగ్టన్ కంపెనీ ప్లాస్టిక్ తూటా తెచ్చాక ఆ అవసరం పోయింది. ఇప్పుడు కొనడం సులువు, పారేయడం ఇంకా సులువు. కానీ 410 తూటా అంగట్లో ఖరీదు. ఈయనకి పొదుపు ఒక సాకు అనిపించింది నాకు. అసలు సరదా ఆ బల్ల దగ్గరే. పొద్దుటినుంచి చేసినవి అన్నీ కలిపినా ఒక చిన్న పెట్టె నిండలేదు. ఒక్కో డొల్ల వెనక ఇంత పని ఉంటే విచ్చలవిడిగా పేల్చబుద్ధి కాదు మరి.

షెడ్డు వెనక చెక్క చట్రానికి పెద్ద కాగితం కట్టి, ఇరవై గజాలనుంచి పేల్చాడు. ధన్‌మని కాదు, బొంయ్‌మని మెత్తటి మోత. తెల్లటి పొగ కమ్మి కాగితం కనపడకుండా పోయింది. గంధకం కంపు. పొగ విడిచాక వెళ్లి చిల్లులు లెక్కపెట్టాడు. గుళ్లు మధ్యలో గుంపుగా పడితే మంచి తూటా, ఖాళీలుంటే బిళ్లల అమరికలో లోపం. ఎడంపక్క ఒక ఖాళీ కనిపించింది. ఆయన మొహంలో చిరాకు లేదు, ఆసక్తి ఉంది. నన్ను పేల్చమన్నాడు, వద్దన్నాను.

ఖాళీ డొల్లలు వెంటనే సబ్బునీళ్ల బకెట్లో పడ్డాయి. ఈ మందు మసి ఆ రోజే కడక్కపోతే ఇత్తడిని తినేస్తుంది. తర్వాత సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టాడు. చింతపండుతో తోమితే ఇంకా మెరుస్తాయన్నాను. ఇండియన్ కొట్టుకి వెళ్లినప్పుడు ఒక ప్యాకెట్ తెచ్చివ్వమని అల్లుడికి అక్కడికక్కడే పురమాయించాడు.

బయల్దేరేటప్పుడు పగుళ్లొచ్చి పక్కన పడేసిన ఒక 303 డొల్లని చేతిలో పెట్టాడు, మేనమామ గుర్తుగా ఉంచుకొమ్మని. జేబులో వేసుకోబోతుంటే అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు.

"మామయ్యగారూ, ఢిల్లీలో స్కానింగు మెషీన్ దగ్గర మేనమామ కథ ఎవరు వింటారండీ?"

తిరిగి ఇచ్చేశాను.