ఆర్నెల్లు చాలదా బావా?

స్లౌ, బ్రిటన్, 2025 ఆగస్టు 23
తెనాలి నుంచి మామగారి ఫోన్. "అల్లుడుగారూ, రమ్మీ యాప్‌లన్నీ మూతేనట. నిన్న రాష్ట్రపతి సంతకం కూడా పడింది." ఆంధ్రాలో 2020 నుంచే నిషేధం, ఇప్పుడు దేశమంతటికీ. "మరి అక్కడ మూయరా?" మూయరు. ఇక్కడ లైసెన్సిచ్చి ఆడనిస్తారు, వద్దనుకున్నవాడే తలుపేసుకోవాలి. కొడుకు పేరెత్తకుండానే కొడుకు గురించి అడిగారు.

ఆగస్టు 30
మా బావమరిది ఒక జూదం సైటులో మళ్లీ వారం 'టైమ్ అవుట్' పెట్టుకున్నాడు. రోజు నుంచి ఆరు వారాల దాకా పెట్టుకోవచ్చు. అది ఆ ఒక్క సైటుకే. సాయంత్రానికి ఇంకో సైటులో కొత్త ఖాతా, స్వాగత బోనస్. ఏకాదశి ఉపవాసమని అన్నం మానేసి ఉప్మా లాగించినట్టు.

మే 21 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకి ఆన్‌లైన్ స్లాట్లలో స్పిన్‌కి 2 పౌండ్లే హద్దు. వీడికి 24. హద్దు పందానికే, రాత్రికి ఎన్ని స్పిన్లు అన్నదానికి లేదు.

సెప్టెంబరు 6
వంటింటి బల్ల దగ్గర కూర్చుని గామ్‌స్టాప్‌లో, అంటే జూదం సైట్లలోకి తనని రానివ్వొద్దని రాసిచ్చే జాబితాలో, పేరు రాసుకున్నాడు. పైసా ఖర్చు లేదు. 2020 మార్చి 31 నుంచి బ్రిటన్ లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అందులో చేరాల్సిందే. ఒక్కచోట రాసుకుంటే అన్నిచోట్లా మూతే.

పేరు, పుట్టినతేదీ, చిరునామాలు, మెయిళ్లు, ఫోన్ నంబర్లు. చదువుకునే రోజుల్లో ఉన్న గది పోస్ట్‌కోడ్ గుర్తురాక పాత పార్సిల్ మెసేజీలు తవ్వాం. చివరి మెయిల్ ఐడీ దగ్గర నసిగాడు. మా ఆవిడ వాడి మొహంలోకి చూసింది. అదీ కొట్టాడు.

తర్వాత గడువు: ఆర్నెల్లు, ఏడాది, ఐదేళ్లు.

"ఆర్నెల్లు చాలదా బావా?"

వేళ్లు మడిచి చూస్తే మార్చి. ఐపీఎల్ మొదలయ్యే వేళ! వాడు ఆ లెక్క ముందే వేసుకున్నాడు. గడువు తీరినా దానంతటది తెరుచుకోదు. మనమే అడగాలి, అడిగాక ఇంకో 24 గంటలు ఆగాలి. మధ్యలో కాళ్లావేళ్లా పడ్డా తీయరు. నాకు నచ్చింది ఆ మొండితనమే. పగటి బుద్ధితో వేసుకున్న గడియని రాత్రి రెండింటి బుద్ధితో తీయనివ్వదు.

ఏడాది నొక్కాడు. ఐదేళ్లు నొక్కించాల్సిందని మా ఆవిడ. నేను కాదంటాను. మన బలవంతం మీద రాసుకున్న ఐదేళ్లకి వాడు మొదటి వారంలోనే దొడ్డిదారి వెతుకుతాడు.

సెప్టెంబరు 7
బ్యాంకు యాప్‌లో జూదానికి చెల్లింపులు ఆపే మీట కూడా నొక్కాడు. క్రెడిట్ కార్డుతో పందెం 2020 ఏప్రిల్ నుంచే బంద్. వీధిలోని బెట్టింగ్ షాపులకి మాత్రం వేరే రాసుకోవాలి. బస్టాప్‌కి వెళ్లే దారిలోనే ఒకటుంది.

సెప్టెంబరు 28
ఆసియా కప్ ఫైనల్. ఇరవైకి మూడు వికెట్లు. "ఇప్పుడు మన రేటెంతుంటుందో" అన్నాడు, పైకే. ఎవరం పలకలేదు. తిలక్ వర్మ నిలబడ్డాడు, 69 నాటౌట్. మామగారు వీడియో కాల్‌లో ఒకటే కేకలు. వీడు మాత్రం ఓవర్ ఓవర్‌కీ పెదాలు కదుపుతూ రేట్లు కట్టుకుంటూనే ఉన్నాడు.

అక్టోబరు 4
వాడే ఫోన్ తెచ్చి చూపించాడు. ఏదో విదేశీ సైటు మెసేజ్. ఇక్కడి లైసెన్సు లేదు. 'గామ్‌స్టాప్‌లో లేం' అన్నదే దాని ప్రచారం. తలుపేసుకున్నవాళ్ల కోసమే వేసిన గాలం! నంబర్ బ్లాక్ చేసి, అలాంటి సైట్లని తెరవనివ్వని సాఫ్ట్‌వేర్ ఫోన్లో వేసుకున్నాడు. ల్యాప్‌టాప్ ఆఫీసుది. అందులో వేయనిస్తారో లేదో సోమవారం అడుగుతాడట.