మూడో వరుస మడిచి చూడండి

డిక్కీని పైకప్పు దాకా పెంచిన ఎస్టేట్ కార్లు మన దేశంలో నిలదొక్కుకోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, ఆ తర్వాత బలెనో ఆల్టురా, ఇండిగో మరీనా వచ్చాయి. జనం పెద్దగా పట్టించుకోలేదు. ఇంటిల్లిపాదీ సామానుతో సహా ఒకే బండిలో పట్టాలన్న కోరిక మాత్రం పోలేదు. అది క్వాలిస్ మీదికి, 2005 నుంచి ఇన్నోవా మీదికి, 2012 నుంచి ఎర్టిగా మీదికి మళ్లింది. ఇవాళ ఎనిమిది లక్షలు అటూ ఇటూగా పెట్టుకుని సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి వెతికేవాళ్ల ముందు చివరికి తరచుగా రెండే మిగులుతాయి. ఒకటి 2013, 14 నాటి డీజిల్ ఇన్నోవా, రెండోది 2018 చివర్లో వచ్చిన కొత్త తరం పెట్రోల్ ఎర్టిగా. ఇంట్లో పెద్దవాళ్లు ఇన్నోవా అంటారు. ఆ మాటకు కారణాలున్నాయి. అయినా ఎక్కువ కుటుంబాలకు ఎర్టిగాయే నప్పుతుందని నా అభిప్రాయం.

పెద్ద బండి ఊసెత్తగానే అందరికీ తిరుపతి ప్రయాణమే గుర్తొస్తుంది. సరే, దాన్నే కొలతగా తీసుకుందాం. ఎర్టిగాలో మూడు వరుసల్లోనూ మనుషులు కూర్చుంటే వెనక మిగిలే జాగా 209 లీటర్లు. రెండు చిన్న సూట్‌కేసులు పెడితే అయిపోయింది. ఇన్నోవాలో ఇంకాస్త ఎక్కువే, కానీ ఏడుగురి మూడు రోజుల బట్టలకు అదీ చాలదు, పైన క్యారియర్ కట్టించాల్సిందే. అంటే ఏ ప్రయాణం కోసమని ఇన్నోవా కొంటున్నామో ఆ ప్రయాణానికే అది పూర్తిగా సరిపోదు. మరి మిగతా రోజుల సంగతి? బండిలో నలుగురైదుగురే ఉండే ఆ రోజుల్లో ఎర్టిగా మూడో వరుస సీట్ల వీపులు ముందుకు పడుకోబెడితే వెనక నేల దాదాపు చదునుగా పరుచుకుంటుంది, జాగా 550 లీటర్లవుతుంది. ఊరి నుంచి వచ్చే బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, తాతగారి వీల్‌చెయిర్ అన్నీ పడతాయి. ఇన్నోవాలో అవే సీట్లను చెరో పక్కకు ఎత్తి పట్టీతో బిగించాలి. అలా బిగించాక కూడా రెండు పక్కలా జాగా తింటూ, కిటికీలకు అడ్డంగా నిలబడతాయి. మూడో వరుస మడిచిన ఎర్టిగా నిజానికి మనం వద్దనుకున్న ఎస్టేట్ కారే.

ఇన్నోవా ఇంజన్ మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు చెక్కుచెదరదు కదా అంటారు. నిజమే, ఆ 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ గట్టిదే. అయితే ఆ పేరు సమయానికి ఆయిలు మార్చి, బెల్ట్ మార్చి సాకిన బండ్లు తెచ్చిపెట్టింది. ఇందులో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. లక్ష దాటాక ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. మార్చినట్టు బిల్లు లేకపోతే ఆ ఖర్చు కొన్నవాడి నెత్తినే పడుతుంది. ఎర్టిగా 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌లో ఉన్నది చైను, ఆ బెంగ లేదు. పైగా పన్నెండేళ్ల బండిలో అరిగేది ఇంజన్ ఒక్కటే కాదు. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, వెనక ఏసీ అన్నీ ఒకదాని వెంట ఒకటి షెడ్డుకు లాక్కెళ్తాయి. ఆర్సీ గడువు సొంత బండికి పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి ₹600 కాస్తా ₹5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. డీజిల్ చవక అన్న లెక్క కూడా 2014 అక్టోబరులో ప్రభుత్వం ధర మీద నియంత్రణ ఎత్తేశాక బలహీనపడింది. దాదాపు ఐదు క్వింటాళ్ల బరువు తక్కువున్న ఎర్టిగా లీటరుకు ఎక్కువ దూరం లాగుతుంది. కంపెనీ చెప్పిన 19.34 కిలోమీటర్లు మన రోడ్ల మీద రావు గానీ, నెలాఖరుకు ఇంధనం ఖర్చులో ఎర్టిగా ఇన్నోవాకు తీసిపోదు.

భద్రత గురించి అడిగేవాళ్ల ప్రశ్న మాత్రం బరువైనది, దాన్ని దాటవేయకూడదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షల్లో ఎర్టిగాకు 2019లో మూడు స్టార్లు వచ్చాయి. నిబంధనలు కఠినం చేశాక 2024లో ఒక్కటే వచ్చింది. ఇది గర్వంగా చెప్పుకునే సంగతి కాదు. కానీ మన డబ్బుకు దొరికే ఆ నాటి ఇన్నోవాల్లో దిగువ వేరియంట్లకు ఎయిర్‌బ్యాగులే లేవు. రెండో తరం ఎర్టిగాలో అన్నింటికీ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. బరువైన ఛాసిస్ మీద నమ్మకంతో ఎయిర్‌బ్యాగు లేని ముందు సీట్లో మనవాళ్లను కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. డబ్బు ఇంకా సర్దుబాటై 2016 తర్వాతి ఇన్నోవా క్రిస్టా అందుతుందంటే, లేదా వారం వారం ఆరేడుగురు పెద్దవాళ్లు హైవే మీద తిరిగే ఇల్లయితే, అప్పుడు ఇన్నోవాయే తీసుకోవాలి. పొడుగువాళ్లు ఎర్టిగా చివరి వరుసలో రెండు గంటలు కూర్చోలేరు.

ఏది ఎంచుకున్నా ఆ మోడల్‌కున్న పేరు చూసి డబ్బివ్వొద్దు, ఎదురుగా ఉన్న ఆ బండినే చూడండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లో ఆదేశించాక అక్కడి బండ్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు తరలాయి. అలాంటిదైతే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్పించుకునే ఖర్చు కూడా కలిపి బేరమాడాలి. ఒకప్పుడు ఎల్లో బోర్డు మీద తిరిగిందేమో ఆర్‌టీఓ రికార్డులో చూడాలి. ఈ రెండు మోడళ్లూ ట్యాక్సీలుగా బాగా తిరిగినవే. మీటర్లో రీడింగ్ యాభై వేలే ఉండి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ రీడింగ్ నమ్మొద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. వాటిని ఎంత కడిగినా, ఎన్నిసార్లు పాలిష్ పట్టినా సీటు బెల్టు చుట్ట లోపలి పొరల దాకా ఎవరూ వెళ్లరు. కాబట్టి వెనక సీటు బెల్టు ఒకటి పట్టుకుని చివరి దాకా లాగండి. ఆఖరి జానెడు పట్టీ మీద మట్టి రంగు చార కనిపిస్తే, అది ఇన్నోవా అయినా ఎర్టిగా అయినా అక్కడితో బేరం ఆపేయండి.