సీటీసీలో మూత విప్పిన ల్యాప్‌టాప్‌లు

అరవై వేల లోపు ల్యాప్‌టాప్ కొనేవాళ్లు షోరూం కంటే ముందు రిపేరు షాపు చూడాలని నా నమ్మకం. మేనకోడలు ఇంజినీరింగ్‌లో చేరుతోంది. అందుకే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్లి, తెలిసిన మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద నాలుగైదు మెషిన్లు బోర్లా పడున్నాయి. అన్నీ యాభై, అరవై వేల రకమే.

‘‘ప్రాసెసర్ పోయిందని వచ్చేటోళ్లు దాదాపు ఉండరు సార్. మనమేమో దాన్నే చూసి కొంటం’’ అన్నాడు.

చేతిలో ఉన్నది హింజ్ కేసు. ఉక్కు హింజ్ గట్టిగానే ఉంది. దాని స్క్రూలు దిగాల్సినవి మాత్రం ప్లాస్టిక్‌లో వేడిచేసి నొక్కిన చిన్న ఇత్తడి నట్లు. హింజ్ బిగుసుకుపోయి, మనం తెరను ఒక మూల పట్టుకుని లాగుతుంటే, ఆ నట్లు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తాయి. పట్టకారుతో ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. మిరియపు గింజంత ఉంది. పెచ్చులు గీకి, రెండు ట్యూబుల జిగురు కలిపి, నట్టును మళ్లీ కూర్చోబెట్టి పైన బరువు పెట్టాడు. రేపటి దాకా ముట్టకూడదట.

ఇంకొకటి వేడెక్కి ఆగిపోతున్నది. ఫ్యాన్లో దుమ్ము దులిపి, ఎండి పెళుసెక్కిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. దాని ప్రాసెసర్ పేరు చివర ‘హెచ్’ ఉంది, అంటే 45 వాట్ల తరగతి. ఆ వేడి లాగడానికి కంపెనీ ఇచ్చింది ఒక సన్నటి రాగి గొట్టం, ఒక్క ఫ్యాను. కాసేపు పరుగెత్తి తనే వేగం తగ్గించుకుంటుంది. ప్రకటనలో మురిపించే వేగం ఆ కాసేపటిదే.

అలాగని ఈ ధర మెషిన్లను తీసిపారేయలేం. అడుగు ప్లేటు విప్పితే ఎస్‌ఎస్‌డీ చేతికొస్తుంది, ర్యామ్ స్లాటు కనిపిస్తుంది. లక్ష దాటిన పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే. ఇక్కడ 8 జీబీకి జతగా ఇంకో 8 పెట్టుకోవచ్చు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని వాటికి ర్యామే గ్రాఫిక్స్ మెమరీ కాబట్టి, రెండు దారుల్లో డేటా నడిస్తే ఆటలూ, డిజైన్ సాఫ్ట్‌వేరూ నిజంగానే తేలికపడతాయి. ఎస్‌ఎస్‌డీ పుణ్యమా అని రోజువారీ పనిలో లక్ష రూపాయల దానికీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం.

తెర సంగతి చెప్పకుండా చూపించాడు. తన చెల్లెలి పెళ్లి ఫొటో రెండు మెషిన్లలో తెరిచాడు. ఒకదాంట్లో చీర కుంకుమ రంగు, పక్కదాంట్లో ఇటుక రంగు! ఆ రెండోది రంగుల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, వెలుగులో 250 నిట్ల ప్యానెల్. ఈ ధరలో తరచూ తగిలేది అదే. కిటికీ పక్కన అక్షరాలు వెలవెలబోతాయి. షోరూంలో కిటికీలు ఎందుకుండవో మరి.

‘‘మీరైతే ఏది కొంటారు?’’

‘‘పాత ప్రాసెసర్ అయినా పర్వాలేదు సార్. స్క్రీన్ మంచిగుండాలె, ర్యామ్‌కు స్లాటు ఉండాలె. హింజ్, బాడీ ఈడనే దొరికే మోడల్ అయితే ఇంక మంచిది.’’

అలాంటిదే తీసుకున్నాం. ఒక తరం పాత ప్రాసెసర్, రంగులు సరిగ్గా చూపే వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర, ఒక స్లాటు ఖాళీ, బరువు కేజీ 700 గ్రాములు. మేనకోడలికి ఆ చివరిదొక్కటే నచ్చలేదు. సంచి మోసేది తనే కదా.